పెట్టె మీది అంకె వేరు, చేతిలోని రివాల్వర్ వేరు

.357 మాగ్నమ్ తూటాల పెట్టె మీద వేగం సెకనుకు 1,235 అడుగులని ఉంటుంది. పక్కనే ఉన్న మామూలు .38 స్పెషల్ పెట్టె మీద 755 అడుగులని ఉంటుంది. రెండింటిలోనూ బుల్లెట్ బరువు ఒకటే: 158 గ్రెయిన్లు, అంటే దాదాపు 10 గ్రాములు. ఇంటి రక్షణ కోసం రివాల్వర్ కొన్న మనిషి ఈ రెండు అంకెలూ చూసి పెద్దది ఉన్న పెట్టెనే తీసుకుంటాడు. అది సహజం. కానీ ఆ అంకె అతని చేతిలోని తుపాకిది కాదు. కొలతల కోసమే తయారుచేసిన 4 అంగుళాల టెస్ట్ బ్యారెల్ నుంచి వచ్చిన లెక్క అది. ఇంట్లో ఉన్నది రెండంగుళాల బ్యారెల్ ఉన్న చిన్న రివాల్వర్ అయితే, ఆ వేగంలో పెద్ద ముక్కే తగ్గిపోతుంది. చప్పుడు, మంట, అరచేతికి తగిలే దెబ్బ మాత్రం ఏమీ తగ్గవు.

అందుకే ఏ తూటా బలమైనది అన్న ప్రశ్నకు విడిగా జవాబు దొరకదు. ఈ రివాల్వర్‌తో, ఈ చేతులతో, గది గోడల మధ్య, ఏ తూటా వేస్తే మొదటి గుండుతో పాటు రెండోది, మూడోది కూడా గురి తప్పకుండా వెళ్తుంది? ఈ ప్రశ్న వేసుకుంటే జవాబు చాలామందికి .38 స్పెషల్ దగ్గరే దొరుకుతుంది. అందులోనూ మెత్తగా పేలే రకాల దగ్గర.

ముందు పేర్ల గందరగోళం తీర్చుకోవాలి, ఎందుకంటే ఇక్కడ పొరపాటు జరిగితే ప్రమాదమే. తూటా అంటే మొత్తం: ఇత్తడి కేస్, అడుగున ప్రైమర్ (సుత్తి దెబ్బకి నిప్పు పుట్టించే చిన్న బిళ్ల), లోపల తుపాకి మందు, మూతి దగ్గర బుల్లెట్. .38 స్పెషల్ 1898 నాటిది. .357 మాగ్నమ్ 1935లో వచ్చింది. పేర్లలో అంకెలు వేరైనా రెండింటి బుల్లెట్ వ్యాసమూ ఒకటే, 0.357 అంగుళాలు. మాగ్నమ్ కేస్‌ని కావాలనే అంగుళంలో ఎనిమిదో వంతుకు కాస్త ఎక్కువగా పొడుగు చేశారు, .38 రివాల్వర్ సిలిండర్‌లో, అంటే తూటాలు పట్టే తిరిగే అరల్లో, అది పట్టకుండా. .38 స్పెషల్‌కి అనుమతించిన గరిష్ఠ ఒత్తిడి చదరపు అంగుళానికి 17,000 పౌండ్లు, మాగ్నమ్‌కి 35,000. కాబట్టి .357 రివాల్వర్‌లో .38 తూటాలు నిశ్చింతగా కాల్చవచ్చు. తిరగేసి మాత్రం ఎప్పుడూ చేయకూడదు. పేరులో 38 ఉన్న తూటాలు ఇంకా ఉన్నాయి: .38 ఎస్ అండ్ డబ్ల్యూ, .38 లాంగ్ కోల్ట్, .38 సూపర్. ఇవేవీ .38 స్పెషల్ కావు. బ్యారెల్ మీద చెక్కిన పేరు, తూటా అడుగున ముద్రించిన పేరు ఒకటేనా అని చూడటానికి అర నిమిషం చాలు.

వీటి మధ్య ప్లస్ పి అనే రకం ఉంది. .38 స్పెషల్‌నే కాస్త ఎక్కువ ఒత్తిడితో, దాదాపు 20,000 పౌండ్ల వరకు నింపినది. ఈ కాలపు ఉక్కు రివాల్వర్లు చాలావరకు దీన్ని తట్టుకుంటాయి. పాతవి, తేలికపాటి అల్యూమినియం ఫ్రేమ్‌తో చేసినవి అన్నీ తట్టుకోవు. తయారీదారు ఇచ్చిన పుస్తకంలో ప్లస్ పి వాడవచ్చని రాసి లేకపోతే వాడకపోవడమే మంచిది.

ఇప్పుడు బ్యారెల్ సంగతి. మందు మండి వాయువు పుట్టి, బుల్లెట్‌ని తోసేది అది బ్యారెల్‌లో ఉన్నంతసేపే. రివాల్వర్‌లో ఇంకో నష్టం కూడా ఉంది. సిలిండర్‌కీ బ్యారెల్‌కీ మధ్య సన్నని సందు ఉంటుంది, అంగుళంలో వెయ్యింట నాలుగు నుంచి ఎనిమిది వంతులు. ప్రతి గుండుతోనూ కొంత వాయువు ఆ సందులోంచి పక్కలకు చిమ్ముతుంది. (అందుకే రివాల్వర్ పట్టుకున్నప్పుడు రెండో చేతి వేళ్లు సిలిండర్ ముందు అంచు దగ్గరకు పోకూడదు, చర్మం కాలుతుంది.) మాగ్నమ్‌లో మందు ఎక్కువ, నెమ్మదిగా మండే రకం ఎక్కువ. అది పూర్తిగా పని చేయాలంటే పొడవైన బ్యారెల్ కావాలి. రెండంగుళాల బ్యారెల్‌లో ఆ మందులో కొంత బుల్లెట్ బయటపడ్డాక గాలిలో మండుతుంది. చీకట్లో కనిపించే నారింజ రంగు మంట గోళం అదే. బుల్లెట్‌కి అందాల్సిన శక్తి కళ్ల ముందు వెలుగుగా పోతోందన్నమాట. రాత్రి మసక వెలుతురులో ఆ మంట చూసిన కళ్లకు కొన్ని క్షణాలు ఏదీ సరిగా కనిపించదు.

వెనక్కి తన్నే దెబ్బ, అంటే రీకాయిల్, లెక్కలోనూ తేడా పెద్దదే. ఒకే రివాల్వర్‌లో మెత్తటి 148 గ్రెయిన్ల .38 తూటాకీ పూర్తి స్థాయి మాగ్నమ్‌కీ రీకాయిల్ శక్తి మూడింతల పైనే తేడా వస్తుంది. దానికి తుపాకి బరువు తోడవుతుంది. కిలో బరువున్న ఉక్కు రివాల్వర్ ఎంత తంతుందో, 350 గ్రాముల తేలికపాటి రివాల్వర్ అదే తూటాతో దాదాపు మూడింతలు తంతుంది. జేబులో పెట్టుకోవడానికి తేలికపాటిది హాయి. కాల్చేటప్పుడు ఆ హాయికి చేయి మూల్యం చెల్లిస్తుంది. చిన్న రివాల్వర్ పిడి బొటనవేలి మొదట్లో కొట్టి, ఐదు మాగ్నమ్ గుళ్లు పేల్చేసరికి అక్కడ ఎర్రగా కమిలిపోతుంది. ఆరో గుండు కాల్చాల్సి వస్తే శరీరం ముందే బిగుసుకుంటుంది, ట్రిగ్గర్ నొక్కే క్షణంలో బ్యారెల్ కిందికి వంగుతుంది. డబుల్ యాక్షన్ ట్రిగ్గర్ (ఒక్క నొక్కుతోనే సుత్తిని వెనక్కి లేపి వదిలేది) నొక్కడానికి అసలే 4.5 నుంచి 5.5 కిలోల బలం కావాలి. అంత బరువైన ట్రిగ్గర్‌ని లాగుతూ తుపాకిని కదలనివ్వకుండా పట్టుకోవడం అలవాటు మీద వచ్చే పని. ఒక్కో గుండుకీ నొప్పి పుడితే ఆ అలవాటు ఎప్పటికీ రాదు, ఎందుకంటే సాధన చేయబుద్ధి కాదు. తూటా ఎంపికలో ఇది అన్నిటికన్నా పెద్ద విషయం. నెలకోసారి యాభై గుళ్లు కాల్చి సాధన చేయగలిగిన మెత్తటి తూటా, ఏడాదికి ఐదు కూడా కాల్చలేని గట్టి తూటా కన్నా ఎంతో నమ్మదగినది.

చప్పుడు గురించి చాలామంది ఆలోచించరు. క్షణకాలం వచ్చే శబ్దం 140 డెసిబెల్స్ దాటితే వినికిడికి శాశ్వత నష్టం జరగవచ్చు. ఏ రివాల్వర్ పేలుడైనా ఆ హద్దు దాటుతుంది. పొట్టి బ్యారెల్‌తో మాగ్నమ్ అయితే చాలా దూరం దాటుతుంది. ఆరుబయట చెవి రక్షణతో కాల్చినప్పుడు తెలియని తీవ్రత, నాలుగు గోడల మధ్య చెవులు మూసుకోకుండా కాల్చినప్పుడు తెలుస్తుంది. ఆ తర్వాత పక్క గదిలోని పిల్లల కేక, పోలీసులతో ఫోన్‌లో మాట ఏదీ సరిగా వినపడకపోవచ్చు. మెత్తటి .38 కూడా చెవికి మంచిది కాదు, కానీ తేడా తేడాయే.

తర్వాత బుల్లెట్ ఆకారం. ఒకప్పుడు పోలీసులకు ఇచ్చింది 158 గ్రెయిన్ల గుండ్రటి మొన ఉన్న సీసం బుల్లెట్. అది కణజాలాన్ని పక్కకు తోసుకుంటూ సన్నటి దారి చేసుకుని అవతలికి వెళ్లిపోయేది. దాడిని ఆపడంలో వెనకబడటం ఒక లోపం, వెనకున్న వాళ్లకు ప్రమాదం మరో లోపం. 1970ల్లో అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ సహా అనేక పోలీసు సంస్థలు అదే బరువులో, మొనలో గుంట ఉన్న మెత్తటి సీసం బుల్లెట్‌ని ప్లస్ పి ఒత్తిడితో వాడాయి. దానికి ఎఫ్‌బీఐ లోడ్ అనే పేరు స్థిరపడిపోయింది. నాలుగంగుళాల బ్యారెల్‌కి ఇప్పటికీ అది మంచి ఎంపికే.

గుంట ఉన్న బుల్లెట్‌ని హాలో పాయింట్ అంటారు. తడి ఉన్న పదార్థంలోకి వెళ్లగానే గుంటలో ఒత్తిడి పెరిగి మొన పువ్వులా విచ్చుకుంటుంది, వ్యాసం పెరుగుతుంది, వేగం త్వరగా తగ్గుతుంది. విచ్చుకునే బుల్లెట్ల చరిత్ర కలకత్తా పక్కనున్న డమ్‌డమ్ ఆయుధ కర్మాగారం దాకా వెళ్తుంది. 1890ల్లో అక్కడ చేసిన తూటాల వల్లే ఆ పేరు ప్రపంచమంతా పాకింది. 1899 హేగ్ ప్రకటన యుద్ధంలో వాటి వాడకాన్ని నిషేధించింది. పోలీసులు, పౌరులు వాడటం దాని పరిధిలోకి రాదు, కానీ సొంత చట్టంతో పౌరులకు వాటిని నిషేధించిన ప్రాంతాలు ఉన్నాయి. కొనే ముందు తాముండే చోట చట్టం ఏమంటోందో తెలుసుకోవడం తప్పనిసరి.

ఈ రోజు తూటాలను పోల్చే కొలబద్ద 1986 ఏప్రిల్ 11న మయామీలో జరిగిన కాల్పుల తర్వాత పుట్టింది. అక్కడ ఇద్దరు ఎఫ్‌బీఐ ఏజెంట్లు చనిపోయారు. నిందితుడికి మొదట్లోనే తగిలిన ఒక 9 ఎంఎం బుల్లెట్ చేతిలోంచి ఛాతీలోకి వెళ్లి, గుండెకు కొద్ది దూరంలో ఆగిపోయింది. అతను ఆ తర్వాత కూడా పోరాడుతూనే ఉన్నాడు. బుల్లెట్ బాగా విచ్చుకుంది, కానీ లోతు చాలలేదు. ఆ తర్వాత ఎఫ్‌బీఐ పరీక్ష పద్ధతి తయారుచేసింది. శరీర కణజాలానికి బదులుగా వాడే 10 శాతం జెలటిన్ దిమ్మలో బుల్లెట్ కనీసం 12 అంగుళాలు వెళ్లాలి, 18 దాటకపోతే మంచిది. మందపాటి బట్టల పొరలు అడ్డుపెట్టి కూడా చూస్తారు. 12 అంగుళాలు ఎక్కువ అనిపించవచ్చు. మనిషి ఎప్పుడూ ఎదురుగా నిటారుగా నిలబడడు, పక్కకు తిరిగి ఉంటాడు, చేయి అడ్డు వస్తుంది. మయామీలో జరిగింది అదే.

పొట్టి బ్యారెల్ .38 ఇక్కడే ఇబ్బంది పడుతుంది. హాలో పాయింట్ విచ్చుకోవాలంటే కొంత కనీస వేగం కావాలి. రెండంగుళాల బ్యారెల్ ఆ వేగాన్ని అంతంతమాత్రంగానే ఇస్తుంది. పైగా గుంటలోకి బట్ట పీచు దూరితే అది పూడుకుపోయి, బుల్లెట్ గుండ్రటి మొన దానిలాగే వెళ్లిపోతుంది. వేగం కోసం 110 గ్రెయిన్ల తేలికపాటి బుల్లెట్ తీసుకుంటే విచ్చుకోవచ్చు, కానీ లోతు తగ్గుతుంది. బరువైనది తీసుకుంటే లోతు వస్తుంది, విచ్చుకోవడం అనుమానమే. ఈ సమస్య కోసమే తయారైన తూటాలు కొన్ని ఉన్నాయి. స్పీర్ గోల్డ్ డాట్ 135 గ్రెయిన్ల ప్లస్ పి పొట్టి బ్యారెల్ కోసమే పెద్ద గుంటతో చేసినది. హార్నడీ క్రిటికల్ డిఫెన్స్‌లో గుంటను ముందే ఎర్రటి మెత్తటి పాలిమర్ ముక్కతో నింపుతారు, బట్ట దూరకుండా. ఫెడరల్ హెచ్‌ఎస్‌టీ 130 గ్రెయిన్ల తూటాలో బుల్లెట్ కేస్ లోపలికి పూర్తిగా దిగి కూర్చుంటుంది. తుపాకి తట్టుకుని, చేయి తట్టుకుంటే ఇవన్నీ మంచివే.

చేయి తట్టుకోకపోతే ఒక పాత దారి ఉంది, దాన్ని ఇంకా ఎక్కువమంది పట్టించుకోవాలి. వాడ్‌కట్టర్. 148 గ్రెయిన్ల సీసం బుల్లెట్, ముందు భాగం నాణెం పెట్టినట్టు పూర్తిగా చదును. పోటీల్లో కాగితపు టార్గెట్‌కి పంచ్ కొట్టినట్టు గుండ్రటి రంధ్రం పడాలని, స్కోరు తేలిగ్గా లెక్కపెట్టాలని తయారుచేశారు. వేగం సెకనుకు 700 అడుగుల ప్రాంతంలోనే. కానీ దాని చదును అంచు మొదటి నుంచి చివరి దాకా పూర్తి వ్యాసంతో కోసుకుంటూ వెళ్తుంది. విచ్చుకోవడం మీద ఆధారపడదు కాబట్టి బ్యారెల్ పొట్టిదైనా, బట్ట అడ్డొచ్చినా దాని పనిలో పెద్ద తేడా రాదు. లోతు సరిపడా ఉంటుంది. రీకాయిల్ అతి తక్కువ. మణికట్టు నొప్పి ఉన్నవాళ్లు, వేళ్లలో కీళ్లవాతం ఉన్నవాళ్లు, కొత్తగా నేర్చుకునేవాళ్లు దీనితో వరసగా ఐదూ గురిపెట్టి కాల్చగలరు. లోపం ఒకటుంది: బుల్లెట్ కేస్ అంచుతో సమానంగా ఉంటుంది, మొన ఉండదు. హడావిడిలో సిలిండర్ అరల్లోకి దూర్చడం కష్టం, అంచు పట్టుకుని ఆగిపోతుంది. అందుకని సిలిండర్‌లో వాడ్‌కట్టర్లు, స్పీడ్‌లోడర్‌లో (తూటాలన్నిటినీ ఒకేసారి సిలిండర్‌లోకి దించే పరికరం) కోసుగా మొన ఉన్న హాలో పాయింట్లు పెట్టుకునేవాళ్లు ఉన్నారు. అనుభవంలోంచి వచ్చిన మంచి ఏర్పాటు అది.

గోడల గురించి ఒక భ్రమ ఉంది. హాలో పాయింట్ గోడలో ఆగిపోతుందని చాలామంది నమ్ముతారు. అరంగుళం జిప్సం బోర్డు గోడలున్న ఇంట్లో అది నిజం కాదు. పొడి జిప్సం బోర్డులోంచి వెళ్లేటప్పుడు తెల్లటి పొడి గుంటలో గట్టిగా కూరుకుపోతుంది. అవతల దొరికిన బుల్లెట్‌ని చూస్తే మొన విచ్చుకోకుండా, సుద్ద కూరిన కుప్పెలా ఉంటుంది. అంటే గోడ దాటాక అది హాలో పాయింట్‌గా ఉండదు. 12 అంగుళాల జెలటిన్ దాటే ఏ తూటా అయినా అలాంటి గోడలు ఒకటి కన్నా ఎక్కువే దాటుతుంది. గోడ దాటని తూటా కావాలంటే పని చేయని తూటా కొనుక్కోవాలి. చిన్న సీసపు రవ్వలు నింపిన తూటాలు, తగలగానే పొడైపోయే రకాలు ఈ ఆశతోనే అమ్ముడుపోతాయి, వాటిలో చాలావాటికి లోతు చాలదు. గోడ అవతల ఎవరున్నారన్న ప్రశ్నను తూటా తీర్చదు. పిల్లలు పడుకునే గది ఎటువైపు, పక్కింటి గోడ ఎటువైపు, ఏ మూల నుంచి ఏ దిక్కుకు కాల్చకూడదు అనేది ముందే ఇల్లంతా తిరిగి చూసుకోవాలి. లైట్ వేసి ఎవరో గుర్తుపట్టకుండా చప్పుడు వైపు కాల్చడం అంటే సొంత మనిషినే కాల్చే ప్రమాదాన్ని తెచ్చుకోవడం. కుటుంబమంతా ఒక గదిలోకి చేరి, తలుపు వేసుకుని, పోలీసులకు ఫోన్ చేయగలిగితే తూటా అవసరమే రాకపోవచ్చు.

మిగతా తూటాల గురించి క్లుప్తంగా. .22 రిమ్‌ఫైర్‌లో (సుత్తి దెబ్బ కేస్ అంచున పడే రకం) రీకాయిల్ దాదాపు లేదు, కానీ పేలకుండా మిగిలిపోయే తూటాలు సెంటర్‌ఫైర్ (అడుగున మధ్యలో ప్రైమర్ ఉన్న రకం) కన్నా ఎక్కువ. 1907 నాటి .44 స్పెషల్ పెద్ద బుల్లెట్‌ని నెమ్మదిగా పంపుతుంది, బరువైన రివాల్వర్‌లో బాగుంటుంది. .44 మాగ్నమ్ అడవిలో పెద్ద జంతువుల కోసం, ఇంటి కోసం కాదు. .410 షాట్‌గన్ తూటాలు కాల్చే రివాల్వర్లలో పక్షుల వేటకు వాడే సన్న రవ్వలు వేయడం పొరపాటు, వాటికి లోతు లేదు. చిన్న చేతులకు .32 కుటుంబం మాత్రం నిజంగా పరిశీలించదగినది. .327 ఫెడరల్ మాగ్నమ్ రివాల్వర్‌లో .32 హెచ్ అండ్ ఆర్ మాగ్నమ్, .32 ఎస్ అండ్ డబ్ల్యూ లాంగ్ కూడా పడతాయి, .38 ఐదు పట్టే చిన్న సిలిండర్‌లో ఆరు పడతాయి. దుకాణాల్లో దొరకడమే కష్టం.

రివాల్వర్ జామ్ కాదు అనే మాట కూడా పూర్తిగా నిజం కాదు. తేలికపాటి రివాల్వర్‌లో గట్టి తూటా పేలినప్పుడు, సిలిండర్‌లో మిగిలిన తూటాల కేసులు తుపాకితో పాటు వెనక్కి దూకుతాయి, బరువైన బుల్లెట్లు ఉన్నచోటే ఉండాలని చూస్తాయి. కేస్ మూతిని బుల్లెట్ చుట్టూ నొక్కి బిగించిన పట్టు, అంటే క్రింప్, సరిగా లేకపోతే బుల్లెట్ కొద్దికొద్దిగా ముందుకు జారుతుంది. చివరికి సిలిండర్ ముఖం దాటి పొడుచుకొచ్చి, ఫ్రేమ్‌కి తగిలి సిలిండర్ తిరగడం ఆగిపోతుంది. అప్పుడు ట్రిగ్గర్ ఎంత నొక్కినా కదలదు. ఇది కాక వేరే కారణంతో, కొన్ని అతి తేలిక .357 రివాల్వర్ల బ్యారెల్ మీద 120 గ్రెయిన్ల కన్నా తక్కువ బరువు బుల్లెట్ వాడవద్దని తయారీదారే చెక్కిస్తాడు. ఆ అక్షరాలు చదవకుండా తూటా కొనకూడదు. క్రింప్‌ని పరీక్షించే పద్ధతి సులువు. ఐదు తూటాలు తీసుకుని, ఒకదాని పొడవు వెర్నియర్ కాలిపర్‌తో కొలిచి గుర్తు పెట్టుకోవాలి. దాన్ని చివర్లో ఉంచి మిగతా నాలుగూ కాల్చి, బయటకు తీసి మళ్లీ కొలవాలి. పొడవు పెరిగిందంటే ఆ తూటా ఆ రివాల్వర్‌కి పనికిరాదు, ఎంత పేరున్న కంపెనీది అయినా.

ట్రిగ్గర్ తేలికవడానికి స్ప్రింగ్ మార్పించిన రివాల్వర్లలో సుత్తి దెబ్బ బలహీనపడి, గట్టి ప్రైమర్లు పేలకపోవచ్చు. పొట్టి రివాల్వర్ ఎజెక్టర్ రాడ్ కూడా పొట్టిదే, పొడవైన మాగ్నమ్ కేసుల్ని పూర్తిగా బయటకు తోయదు. .38 కేసులు తేలిగ్గా జారిపోతాయి. అయితే .357 రివాల్వర్‌లో ఎక్కువగా .38లే కాలిస్తే అరల్లో ముందు భాగాన మసి వలయం పేరుకుంటుంది. బ్రష్‌తో శుభ్రం చేయకుండా తర్వాత మాగ్నమ్ వేస్తే అది బిగుసుకుంటుంది.

గురి కూడా తూటాతో మారుతుంది. గురి చూసే సైట్ కదలని రివాల్వర్లలో చాలావాటిని 158 గ్రెయిన్ల బుల్లెట్‌కి సరిచేసి ఉంచుతారు. 110 గ్రెయిన్లది వేగంగా బ్యారెల్ దాటిపోతుంది, రీకాయిల్‌కి మూతి పైకి లేచే లోపే. అందుకే అది కాస్త కింద తగులుతుంది. గదిలోని దూరాలకు ఈ తేడా చిన్నదే, కానీ తెలియకుండా ఉండకూడదు. నచ్చిన రెండు మూడు రకాలు ఒక్కో పెట్టె తెచ్చి, ఏడు గజాల దూరంలో ఐదేసి చొప్పున, చెవి రక్షణతో, డబుల్ యాక్షన్‌లోనే, కాస్త వేగంగా కాల్చి కాగితాలు పక్కపక్కన పెట్టి చూడాలి. ఐదూ అరచేతి వెడల్పులో పడిన కాగితం ఏ తూటాదో, అదే కొనాల్సిన తూటా. పెట్టె మీది వేగం అప్పుడు చూసుకున్నా చాలు.

ఎంచుకున్న తూటాలు పొడిగా, చల్లగా ఉండే చోట, పిల్లల చేతికి అందకుండా తాళం వేసి ఉంచాలి. సిలిండర్‌లో నూనె ఎక్కువ పూయకూడదు, అది ప్రైమర్ అంచుల్లోంచి లోపలికి దిగి మందుని పాడుచేస్తుంది. పెట్టె మీద కొన్న తేదీ రాసి ఉంచుకుని, ఏడాదికోసారి సిలిండర్‌లో ఉన్నవాటిని రేంజ్‌లో కాల్చేసి, అదే రకం కొత్తవి నింపుకోవాలి. కొత్త పెట్టెలో ఒక్కో తూటా ప్రైమర్ మీద వేలు ఆనించి చూడాలి, అది కేస్ అడుగు కన్నా పైకి పొంగి ఉంటే సిలిండర్ తిరగనివ్వదు. అలాంటిది కనిపిస్తే పక్కన పెట్టేయాలి.